పన్నెండు మేకల పేర్లు

మా ఆయన పోతూ పోతూ నాకు పన్నెండు మాటలు ఇచ్చిపోయాడు. ఇచ్చినట్టు నాకు తెలియదు. తెలిసేసరికి ఆయన పోయి నెల దాటింది. ఆ మాటలు సరిగ్గా చెప్పగలిగితే మా ఇల్లు లేస్తుంది, లేకపోతే లేవదు. సంగతంతా అంతే. కానీ ఇంతే చెప్పి ఊరుకుంటే ఎవరికీ అర్థం కాదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. నాకు చదువు లేదు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను. ఇదంతా నేను నోటితో చెప్తుంటే వేరేవాళ్లు రాసినదే.

మాది మార్కాపురానికి పడమర, నల్లమల కింద ఊరు. ప్రాజెక్టులో నీళ్లు నిలిపితే మునిగే ఊళ్లలో మాదొకటి. ఇళ్లకు, చేలకు లెక్కగట్టి పరిహారం వేశారు. కాలనీలో తలా ఇంత జాగా చూపించారు. ఇల్లు మాత్రం ఎవరిది వాళ్లు కట్టుకోవాలి. మాకు పిల్లలు లేరు. నేను, ఆయన, మేకలు. కాలనీలో రెండు గదులు, వెనక మేకలకు రేకుల పాక అని ఆయన నేల మీద పుల్లతో గీసి చూపించాడు. తలుపు ఎటువైపు ఉండాలో ఇద్దరం పోట్లాడుకున్నాం కూడా.

ఒకరోజు ఆయనకు ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడారు. పరిహారం రెండో విడత ఆగిపోయిందని, ఫోనుకు వచ్చిన నెంబరు చెప్తే విడుదల చేస్తామని అన్నారు. ఆయన చెప్పాడు. ఉన్నదాంట్లో మూడో వంతు పోయింది. బ్యాంకుకు పోతే "నెంబరు మీరే చెప్పారు కదా" అన్నారు. స్టేషనుకు పోతే అక్కడా అదే మాట. ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని, "అందరూ ఒకే మాట అన్నారే. తప్పు నాదేనంట. తీసుకున్నోడిది కాదంట" అన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆయన వేరే మనిషి అయ్యాడు. కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణి కూడా ఎవరు పంపారని అడిగేవాడు.

నాకు ఒక్కడే తమ్ముడు. మా అమ్మ వాడి చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. గిద్దలూరులో ఇంటర్నెట్ కేబుళ్లు లాగే పని చేస్తాడు. మా ఆయన దిగులు చూసి, కంప్యూటరు డబ్బు, క్రిప్టో అంటారే, దాని సంగతి ముందు చెప్పినవాడు వాడే.

"ఇందులో బ్యాంకు లేదు బావా, మేనేజరు లేడు. తాళం నీ దగ్గరే ఉంటాది. ఎవడూ ముట్టుకోలేడు. ధర ఎగిరి పడే రకం కూడా కాదు, నిలకడగా ఉండేది" అన్నాడు.

"కంటికి కనపడతాదా?" అని నేను అడిగాను.

"బ్యాంకులో ఉన్నప్పుడు కనపడిందా నీకు?" అని ఆయన నా మీదికి వచ్చాడు.

"బ్యాంకులో అయితే పోయి అడిగేదానికి ఒక మనిషి ఉంటాడు గదయ్యా."

"అడిగినా గదా. ఏం చెప్పినాడు ఆ మనిషి?"

తమ్ముడి వైపు తిరిగి, "మరి ఆ తాళం పోతే ఏందిరా?" అన్నాను.

"పోతే పోయినట్టేక్కా. ఇంకెవరూ తెరవలేరు. దాని బలం అదే."

"బలమంట! పోతే రాని దానికి బలమని పేరు పెట్టుకున్నారా మీరు?"

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పుడు నవ్వగలిగాం.

తమ్ముడు ఎక్కడి నుంచో ఒక పాత ఫోన్ తెప్పించి, అందులో మామూలుది తీసేసి వేరే సాఫ్ట్‌వేరు వేయించాడు. ఏ కంపెనీ కన్నూ దాని మీద పడదట. ఎక్కడున్నామో, ఎవరితో మాట్లాడామో ఎవరికీ చెప్పదట. తప్పు నెంబరు పదిసార్లు కొడితే లోపలున్నదంతా తనే తుడిచేసుకుంటుందట. ఆయనకు ఆ మాట బాగా నచ్చింది. మేకల వెంట పోయినా, పడుకున్నా అది చొక్కా జేబులోనే. "ఇది నాలాంటిదే, ఎవర్నీ నమ్మదు" అనేవాడు. "నన్ను కూడానా?" అంటే, "నిన్ను నమ్ముతా, నీ నోటిని నమ్మను" అనేవాడు. అది నిజమే. నాకు ఒక మాట తెలిస్తే బోరింగు దగ్గరున్న పది మందికీ తెలుస్తుంది.

మిగిలిన పరిహారమంతా అందులోకి మార్చిన రోజు నేను మేకలు తోలుకుని ఇంటికి వచ్చేసరికి తమ్ముడు వాకిట్లో ఎండలో నిలబడి ఉన్నాడు. తలుపు వేసి ఉంది.

"ఏందిరా, బయట నిలబడినావు?"

"మీ ఆయన బయటికి తోలినాడు. లోపల ఏదో వస్తాదంట, అది నేను చూడకూడదంట."

లోపలి నుంచి ఆయన అరిచాడు. "చూస్తే ఏం కాదు లేరా. చూడకపోతే కూడా ఏం కాదు గదా!"

తమ్ముడు నవ్వాడు కానీ వాడి మొహం చిన్నబోయింది. నేను చూశాను.

ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. వారం తిరక్కుండానే ఆయన మేకలకు ఇంగ్లీషు పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందు మా మేకలను బొల్లిది, కర్రిది, చెవి కోసింది అని పిలుచుకునేవాళ్లం. పదకొండు మేకలు ఉండేవి. కురిచేడు పోయి ఇంకొకటి కొనుక్కొచ్చాడు. ఉన్నవాటికే మేత లేదు, ఇదెందుకంటే "లెక్క సరిపోవాల" అన్నాడు. ఒకదాని పేరు టికెట్. ఇంకొకదాని పేరు అంకుల్. ఇట్లాంటివి మూడు నాలుగు చెప్తే నష్టం లేదంటే చెప్తున్నాను. మిగతావి ఇప్పటికీ చెప్పను.

ఊళ్లో ఒకటే నవ్వులు. నేను చేలో నిలబడి "రేయ్ అంకుల్, ఇటు రా" అని అరిస్తే దారిన పోయే మోటార్ సైకిలాయన ఆగి, "నేనేం చేసినానమ్మా?" అన్నాడు. మా ఎదురింటామె అయితే, "ఏం వదినా, టికెట్ ఈనిందా? ఏ ఊరికి?" అని ఎక్కిరించేది.

పొద్దు వాలే వేళ మేకలు దొడ్డిలోకి పోయేటప్పుడు ఆయన తడిక పట్టుకుని నిలబడి ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచేవాడు. మేకలకు ఒక వరస ఉంటుంది. ముందు పోయేది రోజూ ముందే పోతుంది, ఆఖరుది ఆఖరునే. ఆ వరసలోనే పేర్లు. తర్వాత నన్ను పిలవమనేవాడు. "వరస తప్పొద్దు. రేపు నేను లేకపోయినా ఇదే వరస" అనేవాడు. ఏదో పిచ్చి అనుకున్నాను. పిల్లలు లేని మనిషి మేకలకు పేర్లు పెట్టుకుని మురుస్తున్నాడని, నిజం చెప్తున్నాను, నాకు లోపల కొంచెం ఏడుపు కూడా వచ్చేది. అందుకే ఎదురు చెప్పకుండా పిలిచేదాన్ని. నా నోరు తిరిగినట్టు పిలిచేదాన్ని. పెప్పర్ అన్నాడో పేపర్ అన్నాడో నాకు తేడా తెలిసేది కాదు. ఆయన రెండు మూడు సార్లు దిద్ది వదిలేశాడు.

కురిచేడు నుంచి తెచ్చిన మేక అందరికంటే ఆఖరున పోయేది. దానికి ఆయన పెట్టిన పేరు నేను పలకలేను. అది దాదాపు ఆయన పేరే. చివర ఒక్క తోక ఇంగ్లీషుది. మా వైపు ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో అనం. రేషన్ దగ్గర అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కనున్నవాళ్లను చెప్పమంటాం. ఆ పేరుతో మొదలయ్యే ఏ మాటైనా నాకు గొంతులో ఆగిపోతుంది.

"దీన్ని పిలువు" అన్నాడు.

"నేను పిలవను. సిగ్గు లేదా నీకు, మేకకు నీ పేరు పెట్టుకునేదానికి?"

"నా పేరు కాదే. ఇంగ్లీషు మాట."

"ఏ మాటైనా నేను అననంటే అనను."

ఆయన తడిక మీద చెయ్యి వేసి కడుపుబ్బ నవ్వాడు. "అట్లే ఉండు. అదే కావాల నాకు" అన్నాడు. ఆ నవ్వు ఎందుకో నాకు ఇప్పుడు తెలుసు. నా నోటిని నమ్మనివాడు, నా నోరు తనంతట తాను మూసుకునే మాట ఒకటి ఆ పన్నెండులో పడిందని మురిసిపోయాడు. ఆ మాట నా నుంచి ఎవడూ రాబట్టలేడని.

వైశాఖం ఎండల్లో, కొండ వాలులో మేకల దగ్గర ఆయనకు గుండె నొప్పి వచ్చింది. ఆటోలో మార్కాపురం తీసుకుపోతుంటే సగం దారిలోనే అయిపోయింది. మేకలు వాటంతట అవే ఇంటికి వచ్చాయి.

కర్మ అయ్యాక తమ్ముడు, నేను ఆ ఫోన్ తీసుకుని మార్కాపురంలో సెల్ షాపు భాయ్ దగ్గరకు పోయాం. ఆయన పెద్దమనిషి, మా ఊరివాళ్ల ఫోన్లన్నీ ఆయనే బాగుచేస్తాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టాడు.

"ఫోన్ మంచిదే అక్కా. దొంగను రానీదు. మొగుడు పోయిన ఆడమనిషిని కూడా రానీదు. దానికి ఇద్దరూ ఒకటే."

తమ్ముడు ఇంటి దగ్గరే నాలుగు నెంబర్లు కొట్టి చూశాడు. షాపులో ఇంకా ఐదు కొట్టాం. ఆయన పుట్టిన ఏడు, పొలం సర్వే నెంబరు, రేషన్ కార్డు చివరి అంకెలు. ఏదీ కాదు. భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కటే మిగిలింది. ఆపేయండి. ఇంటికి పోయి బాగా గుర్తు చేసుకోండి."

"గుర్తు చేసుకునేదానికి నాకు ఎప్పుడైనా చెప్పినాడా భాయ్? ఊరు ఖాళీ చేయమని నోటీసు అంటించి పోయినారు. కొట్టు" అన్నాను.

"వద్దక్కా" అన్నాడు తమ్ముడు.

"కొట్టరా!"

మా పెళ్లయిన ఏడు కొట్టించాను. మా పెళ్లి గుర్తు పెట్టుకుని ఉంటాడని. తెర నల్లబడి, తర్వాత తెల్లబడి, కొత్త ఫోనులాగా ఏ భాష కావాలని అడిగింది. తప్పు ఎవరిదంటే నాదే. వాళ్లిద్దరూ వద్దన్నారు.

బస్సులో తమ్ముడు అన్నాడు. "ఫోన్ పోయినా ఒక దారి ఉందక్కా. ఆ రోజు బావ నన్ను బయటికి తోలినప్పుడు లోపల తెర మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు వచ్చి ఉంటాయి. వాటిని వరసగా కొడితే ఏ ఫోనులో అయినా డబ్బు మళ్లీ వస్తాది. కాయితం మీద ఎక్కడో రాసి పెట్టి ఉంటాడు."

ఇల్లంతా వెతికాం. బియ్యం డబ్బా, దేవుడి పటాల వెనక, దూలం సందు, ఆయన చెప్పుల అట్ట కింద కూడా. ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు అలిసిపోయి, తన ఫోను తీసి, "ఇట్లాంటి మాటలక్కా. రెండు వేల నలభై ఎనిమిది ఉంటాయి, వాటిలో ఏవో పన్నెండు. విను, నీకేమన్నా తట్టుతాదేమో" అని ఎక్కడో చివరి వైపు నుంచి చదవడం మొదలుపెట్టాడు. "థండర్, టికెట్, టైడ్, టైగర్..."

నేను చాటలో కందులు చెరుగుతున్నాను. చాట ఆగిపోయింది.

"టికెట్టా?" అన్నాను.

"ఆఁ, టికెట్. ఏం?"

పన్నెండు మేకలు, వరస తప్పొద్దు, లెక్క సరిపోవాల. అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు నాకు వాకిట్లో ఎండలో నిలబడిన తమ్ముడు కనిపించాడు. వాణ్ణి బయటికి తోలినవాడు ఊరికే తోలి ఉంటాడా?

"ఏం లేదు. టికెట్‌ను ఎవరికన్నా అమ్ముదామా అని" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. నేను పెంచినవాడు, నా అబద్ధం వాడికి తెలియదా?

"నీకు తెలుసు. తెలిసి చెప్పడం లేదు" అన్నాడు మెల్లగా.

"ఆ మాటలు ఎవడికి తెలిస్తే డబ్బు వానిదేనా?"

"అవును."

"అంటే నీకు చెప్తే నీదే."

"నాకు చెప్తే నాది కూడా. నన్ను నమ్మవా అక్కా?"

"మీ బావ నమ్మలేదు గదరా."

"బావ ఎవర్ని నమ్మినాడు? ఆ ఫోన్ తెచ్చిచ్చింది నేను. అది ఎవర్నీ నమ్మదని చెప్పి ఇచ్చింది నేను. ఆయన పోయినాడు, అది తుడుచుకుంది, నువ్వు వీధిలో పడుతున్నావు. నువ్వు ఆ మాటలు తెలిసి ఏం చేస్తావు? ఇంగ్లీషులో కొట్టగలవా?"

కొట్టలేను. అదే నన్ను చంపింది. తాళం నా నోట్లో ఉంది, తిప్పడానికి నాకు చెయ్యి లేదు.

మర్నాడు ఒంటరిగా భాయ్ దగ్గరకు పోయి, "మాటలు దొరికినాయి, నువ్వు కొట్టిపెట్టు భాయ్" అన్నాను. ఆయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు.

"నాకు చెప్పొద్దు అక్కా. నాకూ అప్పులున్నాయి. విన్నాక నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వే కొట్టుకో. ఒక్కో మాటకు మొదటి నాలుగు అక్షరాలు కొడితే చాలు, మిగతాది అదే వస్తాది. ఆ అక్షరాలు ఎట్లుంటాయో ఎవరితోనైనా రాయించుకో, ఏది నీదో చెప్పకుండా."

ఆ మాట తమ్ముడికి ఫోన్లో చెప్పాను. వాడు సరే అని కూడా అనలేదు, పెట్టేశాడు. ఎనిమిది రోజుల తర్వాత రెండు పెద్ద నోటుబుక్కులు తెచ్చి నా ముందు పెట్టాడు. రెండు వేల నలభై ఎనిమిది మాటలు. ప్రతిదానికీ ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగులో ఎట్లా పలకాలో. అన్నీ చేత్తో రాశాడు. వేళ్లకు కేబుల్ పని గాట్లు, వాటి మీద సిరా.

"నువ్వే వెతుక్కో. నేను వాకిట్లో నిలబడతా. నాకు అలవాటే" అన్నాడు.

అప్పుడు ఏమన్నా అని ఉంటే బాగుండేదేమో.

కూడబలుక్కుంటూ ఆ పుస్తకాలు చదవడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. ఇంగ్లీషు అక్షరాలను ముగ్గు గీసినట్టు చూసి గీసుకున్నాను. భాయ్ తన షాపు వెనక గుడ్డ అడ్డం కట్టి, మా ఆయన ఫోనులో పన్నెండు మాటలకు పన్నెండు గళ్లు తెరిచిపెట్టి, బయటికి పోయి కూర్చున్నాడు. ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. మధ్యాహ్నం అయింది. ఆఖరున ఎర్ర గీత వచ్చింది. గుడ్డ బయటి నుంచే భాయ్ అన్నాడు. "ఎర్రగా వస్తే తప్పు అక్కా."

మళ్లీ. మళ్లీ ఎరుపు. పుస్తకంలో పేపర్ ఉంది, పెప్పర్ ఉంది. రైట్ అని రెండు చోట్ల ఉంది, ఇంగ్లీషు అక్షరాలు వేరు. నా రైటు మేక ఏ రైటు? ముందు ఒకటి కొట్టాను, తర్వాత ఇంకోటి కొట్టాను. ఆయన పేరుతో మొదలయ్యేవి, చదివి చూస్తే మూడు ఉన్నాయి. చివరి తోక నాకు సరిగా గుర్తు లేదు. రోజూ సాయంత్రం విన్నానే, ఆ మాట దగ్గరకు వచ్చేసరికి చెవులు కూడా మూసుకునేదాన్ని కాబోలు. ఏది దేనితో కలిపి కొట్టానో లెక్క తప్పింది. నాలుగు రోజులు పోయాను. నాలుగో రోజు నాకు కళ్లు తిరిగి, భాయ్ నీళ్లు తాగించి బస్సు ఎక్కించాడు.

ఆ వారమే మా వీధి కరెంటు తీసేశారు. ఎదురింటామె సామాను ట్రాక్టరుకు ఎక్కించుకుని పోయింది. నేను తమ్ముడికి ఫోన్ చేసి, "రా, చెప్తా" అన్నాను.

తెల్లవారాక వచ్చాడు. దొడ్డి దగ్గర నిలబడ్డాం. నాకు వరస నోటికి రావాలంటే అక్కడ నిలబడే రావాలి. టికెట్‌ను అప్పటికి అమ్మేశాను, దానితో కలిపి మూడు అమ్ముడుపోయాయి, అయినా పోయినవాటిని కూడా కలుపుకుని పిలుస్తూ పోయాను. వాడు రాసుకుంటూ పోయాడు. పదకొండు అయ్యాయి. ఆగాను.

"ఆపినావేందక్కా?"

"ఇంకొకటి నేను అనకూడదు."

వాడికి అర్థమైంది. "బావ పేరా?"

"నీకు తెలుసు గదా. రాసుకో."

"పేరు నాకు తెలుసు. మాట తెలీదు. ఆయన పిలిచినట్టు నువ్వు పిలవాల. చివర ఎట్ల వచ్చిందో నీ చెవికే తెలుసు."

"నా వల్ల కాదురా."

"ఆయన లేడక్కా ఇప్పుడు."

"లేకపోతే?"

నేను తడిక పట్టుకున్నాను. కళ్లు మూసుకుని ఆయన గొంతును గుర్తు చేసుకుని, ఆయన పిలిచినట్టే పిలిచాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి. మూలన పడుకున్న కురిచేడు మేక లేచి, తల ఎత్తి, చూసుకుంటూ చూసుకుంటూ తడిక దగ్గరకు వచ్చింది. ఎవరు వచ్చారనుకుందో ఏమో. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. తమ్ముడు నా దగ్గరకు రాలేదు. నాకు ఎదురుగా, గోడకు వీపు ఆనించి కూర్చుని, మా ఆయన ఫోన్ నొక్కుతూ ఉన్నాడు.

ఎంతసేపో తెలియదు. ఎండ గోడ దాటి వాడి మోకాళ్ల మీదికి వచ్చింది. రెండు పేపర్లు, రెండు రైట్లు, ఇంకా ఏవేవో మార్చి మార్చి కొట్టానన్నాడు. చివరికి తల ఎత్తి, "తెరుచుకోలేదక్కా" అన్నాడు.

"ఎర్రగా వచ్చిందా?"

"ఆఁ."

"చూపించు."

తిప్పి చూపించాడు. ఎర్ర గీత ఉంది. ఉంది, కానీ ఒక్క అక్షరం తప్పు కొడితే అది వస్తుందని నాకు తెలుసు, నాలుగు రోజులు అదే చూశాను. అంతకుముందు తెర వాడి వైపు ఉంది. నా కళ్లల్లో నీళ్లున్నాయి. ఆ మధ్యలో తెరుచుకుని పచ్చగా వచ్చిందో లేదో నేను చూడలేదు.

ఆ ఆలోచన నాకు వచ్చిన క్షణమే వాడికి తెలిసిపోయింది. నా మొహం అట్లాంటిది. నోటుబుక్కులు, రాసుకున్న కాయితం, ఫోను అన్నీ నా ఒళ్లో పెట్టాడు. "మాటలు నీ నోట్లో ఎక్కడో అరిగిపోయి ఉంటాయి. నేనేం చేసేది?" అని, టీ కూడా తాగకుండా పోయాడు.

ఇంకొక్కసారి భాయ్ దగ్గరకు పోయాను. ఎవరైనా తెరిచారో లేదో చూసి చెప్పగలవా అని అడిగాను.

"చూడొచ్చు. దానికి ఆ మాటలు నువ్వు నాకు చెప్పాల. చెప్పినాక, తెరుచుకోలేదని నేనన్నా ఇదే అనుమానం నా మీదికి వస్తాది. అప్పుడు ఇంకెవరి దగ్గరకు పోతావు?" అన్నాడు. కోపంగా అనలేదు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

మేకలను కొనకనమిట్ల నుంచి ఒకాయన వచ్చి కొనుక్కుని పోయాడు. ఆఖరు మేకను మాత్రం ఇవ్వలేదు. కాలనీలో మా జాగా మీద నాలుగు కర్రలు పాతి ప్లాస్టిక్ పట్టా కప్పుకున్నాను. కర్రలు పాతడానికి తమ్ముడే వచ్చాడు, పిలవకుండా. గుంతలు తవ్వాడు, తాళ్లు కట్టాడు. నేను పెట్టిన అన్నం తిన్నాడు. ముద్ద ముద్దకూ వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. దొంగ అయితే ఇట్లా తింటాడా? దొంగ కాకపోతే ఇంత తక్కువ తింటాడా? చిన్నప్పుడు నా చేత్తో కలిపి పెట్టిన మొహం అది. దాన్ని పోలీసులాగా చూస్తున్నానని నాకు తెలుసు, కళ్లు తిప్పుకోలేకపోయాను.

మొన్న మళ్లీ వచ్చాడు. బండి మీద. కొత్త బండి. పట్టా ముందు ఆపి, స్టాండు వేశాడు.

"బండి ఎవరిదిరా?" అన్నాను.

"నాదే. పనికి తప్పడం లేదు, రోజూ ఊళ్లు తిరగాల."

"డబ్బులెక్కడివి?"

వాడు హెల్మెట్ తీస్తూ ఆగాడు. ఎంతసేపు ఆగాడో చెప్పలేను. "కంతుల మీద, నెలనెలా కట్టేటట్టు తెచ్చుకున్నా" అన్నాడు.

"కాయితం ఉందా?"

అడిగేశాను. అడిగాక వెనక్కి తీసుకోవడానికి లేదు. వాడు నన్ను తిట్టలేదు. బండి సీటు ఎత్తి, లోపల నుంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న కాయితం తీసి నా చేతిలో పెట్టి, ఎడంగా పోయి నిలబడ్డాడు. కాయితం నిండా సన్న అక్షరాలు. పైన ఒక ముద్ర. కింద వాడి సంతకం ఒక్కటే నేను గుర్తుపట్టాను. ముగ్గులాగా గీసి నేర్చుకున్న అక్షరాలు అక్కడక్కడా కనపడుతున్నాయి, కలిపి చదవడం నాకు రాదు. అంతా ఇంగ్లీషే.

"చూసుకున్నావా?" అన్నాడు అటు తిరిగే.

కాయితం పట్టుకుని నిలబడే ఉన్నాను.